ఫోన్ మన మాటలు వింటదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బిడ్డ పెండ్లి కుదిరింది. బంగారం గురించి ఇంట్ల మాట్లాడుకున్నం, అంతే. తెల్లారేసరికి నా ఫోన్ల అన్నీ నగల ప్రకటనలే. ఫోన్ మన మాటలు వింటదా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఈ అనుమానం చాలామందికి ఉంది. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మైకు తెరిచి మాటలు పంపే యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం తెర మీద మనం చేసే పనిని వీడియో తీసి బయటి కంపెనీలకు పంపుతున్నాయని తేలింది.

నిజానికి మాటలు వినే అవసరం వాళ్లకు లేదు. మీ అమ్మాయి తులం ధర వెతికి ఉంటుంది, మీ ఆయన ఫంక్షన్ హాల్ రేట్లు చూసి ఉంటారు. ఆ ఫోన్లూ మీ ఫోనూ ఒకే వైఫై మీద నడుస్తుంటే, ఇవన్నీ ఒకే ఇంటివని ప్రకటనల కంపెనీలు ఇట్టే అంచనా వేస్తాయి. ఒకరు వెతికింది ఇంకొకరి తెర మీదికి వచ్చేది అందుకే.

ఈ సమాచారాన్ని కలిపి కుట్టే దారం 'అడ్వర్టైజింగ్ ఐడీ'. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఈ గుర్తింపు సంఖ్య ముందే ఉంటుంది. ఆట ఆడినా, వార్తల యాప్ తెరిచినా, లోపలున్న ప్రకటనల కోడ్ ఈ ఐడీ పేరిటే మీ పనులను రాసుకుంటుంది. ముందు దీన్ని తెంపండి. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ'. కొత్త ఫోన్లలో గూగుల్ తర్వాత 'ఆల్ సర్వీసెస్' నొక్కాల్సి రావచ్చు. పక్కనే ఉండే 'రీసెట్' నొక్కితే పాతది పోయి మరో కొత్త ఐడీ వస్తుంది, అంతే. డిలీట్ చేస్తే యాప్‌లకు దాని చోట వట్టి సున్నాలు కనిపిస్తాయి. ఐఫోన్‌లో అయితే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో 'ట్రాకింగ్' తెరిచి, యాప్‌లు అనుమతి అడగడాన్నే ఆపేయండి.

తర్వాత గూగుల్ ఖాతాలో 'డేటా అండ్ ప్రైవసీ' తెరిచి 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' ఆపండి. పూర్తిగా ఆపడం ఇష్టం లేకపోతే ఆటో డిలీట్‌ను 3 నెలలకు పెట్టండి. ఫోన్‌లో రెండు జీమెయిల్ ఖాతాలుంటే రెండింటిలోనూ చేయాలి. చాలామంది ఒకదాంట్లో చేసి, మార్పేమీ రాలేదంటారు. ఫేస్‌బుక్ వాడేవారు అకౌంట్స్ సెంటర్‌లో 'యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్' చూడండి. ఏ దుకాణం సైటు, ఏ యాప్ మీ గురించి ఫేస్‌బుక్ యజమాని మెటాకు చెప్పాయో అక్కడ పేర్లతో ఉంటుంది. పాతది తుడిచేయడమే కాదు, ఇకముందు రాబోయేదాన్ని కూడా మీ ఖాతాకు కలపకుండా ఆపండి.

ఇంత చేసినా ప్రకటనలు ఆగవు. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవి తగ్గుతాయి. ఇంట్లో అందరి ఫోన్లలోనూ చేస్తేనే ఆ తేడా తెలుస్తుంది.

ప్రశ్న: వరంగల్ చౌరస్తాలో బట్టలు కొంటే, ఫోన్ నంబర్ చెప్పనిదే బిల్లు రాదంటున్నారు. ఇవ్వకపోతే ఏమవుతుంది?
– ఒక ఉపాధ్యాయుడు, ఖిలా వరంగల్

జవాబు: ఏమీ కాదు. మీరు ఇవ్వనక్కర్లేదు. నంబర్ కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకు సూచించింది. 'నంబర్ లేకుండా బిల్లు వేయండి' అని మర్యాదగా, గట్టిగా అడగండి.

ఈ నంబర్‌తో వచ్చే ఇబ్బంది ఎస్ఎంఎస్‌లతో ఆగదు. దుకాణం తన కొనుగోలుదారుల నంబర్ల జాబితాను ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో ఎక్కించవచ్చు. నంబర్‌ను 'హ్యాష్' అనే సంకేతంగా మార్చే పంపుతారు. కానీ అదే నంబర్‌తో మీరు ఖాతా తెరిచి ఉంటే అక్కడా అదే సంకేతం వస్తుంది, రెండూ సరిపోతాయి. అంటే చౌరస్తాలో కొన్న చీర మీ ఫోన్‌లోని ఖాతాకు చేరిపోయినట్టే. అడ్వర్టైజింగ్ ఐడీని తీసేయవచ్చు, పదేళ్లుగా వాడుతున్న నంబర్‌ను తీసేయలేం. అందుకే దీని విషయంలోనే ఎక్కువ పట్టుదలగా ఉండాలి.

అమ్మకం కాల్స్ మొదలైపోతే, వాటిని అడ్డుకునేందుకు 1909కు ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో 'స్టార్ట్ 0' అని ఎస్ఎంఎస్ పంపండి. ఒక మెలిక ఉంది: మీరు స్వయంగా అనుమతి ఇచ్చిన కంపెనీకి ఈ అడ్డు వర్తించదు. లాయల్టీ కార్డు ఫారంలో చిన్న అక్షరాలు చదివి టిక్కు పెట్టమనేది అందుకే. మామూలు పది అంకెల నంబర్ నుంచి అమ్మకం కాల్ వస్తే 7 రోజుల్లోపు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: అప్పు యాప్ కాంటాక్ట్స్ అడుగుతోంది. ఇవ్వకపోతే లోన్ రాదంటోంది.
– సింగరేణి కార్మికుడు, మందమర్రి

జవాబు: ఇవ్వకండి, ఆ యాప్‌ను వెంటనే తీసేయండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అప్పు యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫొటోలు, ఫైళ్ల జోలికి పోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ కూడా కేవైసీ కోసం, మీ అనుమతితో, ఒక్కసారి మాత్రమే. అంటే కాంటాక్ట్స్ అడగడమే నిబంధన తప్పడం. ఇప్పటికే ఇచ్చి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన వెళ్లిన జాబితా వెనక్కి రాదు. ముందు యాప్‌లోనే ఖాతా, డేటా తొలగించమని రాతపూర్వకంగా అడిగి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకుని, ఆ తర్వాతే తీసేయండి. బంధువులకు బెదిరింపు కాల్స్ వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఈ ట్రాకింగ్ తప్పించుకోవడానికి బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో వాడితే చాలదా?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: చాలదు. అది మీ ఫోన్‌లో చరిత్ర మిగలకుండా చూస్తుంది. మీరు చూసిన సైటుకు, నెట్ ఇచ్చే కంపెనీకి మీరు కనిపిస్తూనే ఉంటారు. దానికంటే ఫైర్‌ఫాక్స్‌లో ట్రాకింగ్ రక్షణను 'స్ట్రిక్ట్'లో పెట్టడం మేలు. ఏదైనా సైటు సరిగ్గా తెరుచుకోకపోతే ఆ ఒక్క సైటుకే దాన్ని ఆపండి.

యాప్‌ల లోపలి ట్రాకర్లను, అంటే మన పనులను రాసుకునే కోడ్‌ను, ఆపడానికి ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' పనికొస్తుంది (డీఎన్‌ఎస్ అంటే సైటు పేరును దాని నెట్ నంబరుగా మార్చే సేవ). యాడ్‌గార్డ్ లాంటి ప్రకటనలను అడ్డుకునే సంస్థ తన సైటులో ఇచ్చిన చిరునామాను అందులో రాస్తే, తెలిసిన ట్రాకర్ల దారులు మూసుకుంటాయి. యూట్యూబ్ ప్రకటనలను మాత్రం ఇది ఆపలేదు, అవి వీడియో వచ్చే దారిలోనే వస్తాయి. ప్రైవేట్ డీఎన్‌ఎస్ 853 అనే పోర్టు (నెట్‌లో డేటా వెళ్లే ద్వారం) మీదుగా నడుస్తుంది. కాలేజీ హాస్టల్ వైఫైలోనో, స్టేషన్ వైఫైలోనో ఆ పోర్టు మూసి ఉంటే నెట్ మొత్తం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు కంగారు పడి ఫోన్ రీసెట్ చేయకండి. ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను 'ఆటోమేటిక్'కు మార్చి, మొబైల్ డేటాకు వచ్చాక మళ్లీ పెట్టుకోండి.