ఏడో పేజీలో కొట్టేసిన రెండు వాక్యాలు

కర్నూలు

చిరంజీవి పాపకు,

నువ్వు పంపిన పద్నాలుగు పేజీలు చేరి పది రోజులైంది. మూడుసార్లు చదివినాను. మొదటిసారి కండ్లనిండా నీళ్లొచ్చినాయి. నాయన పోయి ఏడాది తిరక్కముందే ఒక ఆడబిడ్డ ఆయన మీద రాసిన కాగితాలు చేతిలో ఉంటే ఎవరికైనా వస్తాయి. అందుకని ఆ నీళ్లను నీ రాత ఖాతాలో వేసుకోవద్దు. రెండోసారి పెన్సిలు పట్టుకొని చదివినాను. మూడోసారి ఏడో పేజీ ఒక్కటీ కిటికీ దగ్గరికి తీసుకపోయి, ఎండకు పట్టి చదివినాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

"మా నాయన సాహసవంతుడు, సరదా మనిషి, స్నేహశీలి, భార్యాబిడ్డలంటే పంచప్రాణాలు" అని మొదలుపెట్టినావు. దినాలప్పుడు వీధి మొగదాల కట్టే ఫ్లెక్సీ మీద కూడా ఇవే మాటలుంటాయి. అవి అబద్ధాలని నేననను. కానీ ఆ ఫ్లెక్సీలో ఫోటో తీసేసి ఇంకొకరి ఫోటో పెట్టినా కింద ఒక్క అక్షరం మార్చే పనుండదు. మీ నాయన పేరు, ఫోటో రెండూ లేకపోయినా, చదివిన తాడిపత్రి మనిషి "ఇది ఆయనే కదా" అనాల. నువ్వు రాయాల్సింది అట్లాంటిది.

దానికి కావలసిన సరుకు నీ దగ్గర బోలెడుంది. పోయిన నెల ఫోన్లో గంటసేపు మాట్లాడినావే, అందులో ఉంది. కాగితం మీద "పాత మోటారు సైకిలు" అని రాసినావు. ఫోన్లో "యెజ్డీ, పెద్దమ్మా" అన్నావు. కిక్కు కొట్టే రాడ్డే వంచితే గేరు రాడ్డయ్యే బండి అది. అందుకే మీ నాయనకు ఎప్పుడూ ఎడమకాలి చెప్పే ముందు అరిగిపోయేదని చెప్పినావు. వీధి మలుపులో దాని డబడబ వినపడినాకనే అమ్మ ఎసట్లో బియ్యం పోసేదన్నావు. ఇవేవీ పద్నాలుగు పేజీల్లో లేవు. సాహసం అనే మాట మాత్రం పదకొండుసార్లుంది. లెక్కపెట్టినాను.

"కొద్దిసేపట్లో తిరిగి వస్తాను అని చెప్పి వెళ్లేవారు" అని రాసినావు. బండల ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు పాలిష్ మిషను మీద పనిచేసిన మనిషి అట్లా అంటాడా పాపా? "రోంతసేపట్లో వస్తాలే" అని ఉంటాడు. ఆ రోంతసేపు ఒకసారి గండికోటలో రెండు రాత్రులైందని, ఇంకొకసారి అహోబిలం ఉగ్రస్తంభం ఎక్కి దిగి వచ్చేదాకా సాగిందని నువ్వే చెప్పినావు. మీ ఇంట్లో రోంత అంటే ఎంతో మీ అమ్మకు గడియారం కన్నా బాగా తెలుసు. ఆ మాటను బడిపుస్తకం తెలుగులోకి మార్చినావంటే మనిషి గొంతే పోతుంది. "వెళ్లేవారు, చేసేవారు" కూడా తీసెయ్. ఇంట్లో "నాయన వచ్చినాడు" అంటావు గదా, అదే రాయి. గౌరవం ఏమీ తగ్గదు.

ఇంక నవ్వు. "అందర్నీ నవ్వించేవారు" అని ఆరు చోట్ల రాసినావు, చదువుతుంటే నాకు ఒక్క చోట కూడా నవ్వు రాలేదు. అదే ఫోన్లో, కరెంటు పోయిన రాత్రుల సంగతి చెప్పినప్పుడు పడీపడీ నవ్వినాను. వాకిలికి అడ్డంగా తెల్లపంచె కట్టి, వెనకాల టార్చిలైటు పెట్టి, చెప్పుల డబ్బా అట్టలు కత్తిరించి మీకు తోలుబొమ్మలాట ఆడేవాడు. నిమ్మలకుంట బొమ్మలాటోళ్ల ఆట చూసొచ్చి, అందులో నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాణ్ణీ బంగారక్కనూ ఇంట్లోకి దించినాడు. ఆయన బంగారక్క మీ అమ్మ గొంతుతో తిట్టేది: "రోంతసేపని పోయి రెండ్రోజులకొస్తివే, సంగటి చల్లారిపాయ, నీ యెజ్డీనే తిను పో." వంటింట్లోంచి మీ అమ్మ కోపంగా వచ్చి, ఆ బొమ్మను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొనేది. పాపా, ఆ ఒక్క రాత్రిని మూడు పేజీలు రాయి. అట్ట ఏ రంగు, టార్చి పట్టుకున్నదెవరు, అమ్మ ఎంతసేపటికి నవ్వింది, అన్నీ రాయి. "నవ్వించేవారు" అనే ఆరు మాటలూ వాటంతటవే రాలిపోతాయి.

బేలం గుహల దగ్గర ఒక తప్పుంది. "1995లో నాయన రంగురంగుల లైట్ల వెలుగులో గుహంతా తిరిగారు" అన్నావు. ఆ లైట్లూ మెట్లూ పెట్టి పర్యాటకులకు గుహలు తెరిచింది 2002లో. 1884లోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాసినాడు, 1982, 83లలో జర్మనీ నుంచి గుహలు శోధించేవాళ్లు వచ్చి లోపల కొలతలు తీసినారు. 3,229 మీటర్ల పొడవు తేలింది. ఇప్పటికీ మనల్ని నడవనిచ్చేది అందులో ఒకటిన్నర కిలోమీటరే. మరి నీ సంవత్సరం తప్పా, లైట్లు తప్పా? నువ్వు పెద్దయినాక చూసిన బేలం, నాయన చెప్పిన బేలంతో కలిసిపోయిందని నా అనుమానం. చిన్నాయన కూడా వెంట పోయినాడన్నావు, ఆయన్నడుగు. 1995 నిజమైతే మీ నాయన దిగింది కటిక చీకట్లోకి. చేతిలో ఏముండింది? టార్చా, లాంతరా? బ్యాటరీలు ఎన్ని తీసుకపోయినాడు? వెనక్కి దారి తప్పకుండా ఏం గుర్తులు పెట్టుకున్నాడు? నిజం తెలుసుకుంటే ఆయన సాహసం నువ్వు ఊహించి రాసినదానికన్నా పెద్దదని తేలుతుంది. ఇంకోటి, బేలం ఇప్పుడు నంద్యాల జిల్లా. 2022కు ముందటి సంగతి రాస్తున్నావు కాబట్టి కర్నూలు జిల్లా అనే ఉంచు.

ఆ పేజీలోనే నువ్వు గమనించని ఒక మాణిక్యం ఉంది. వారమంతా సున్నపురాయి బండలకు పాలిష్ పట్టే మనిషి, ఆదివారం ఒక్కరోజు సెలవు దొరికితే, నీళ్లు వేల ఏండ్లు కరిగించి తొలిచిన సున్నపురాయి గుహలోకే పోయినాడు. ఎందుకని నువ్వు వివరించబోవద్దు. ఫ్యాక్టరీ దుమ్మునూ గుహనూ పక్కపక్కన పెట్టి వదిలెయ్.

ఆసుపత్రి గురించి ఐదు పేజీలున్నాయి. ఒకటిన్నరకు తగ్గించు. ఆయన యాభై ఎనిమిదేండ్లు బతికినాడు, పదకొండు రోజులు మంచంలో ఉన్నాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాల. 2009 అక్టోబరు 2, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి మా ఊరి మీద పడిన రోజు. మా ఆయన బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి అప్పటికి రిటైరైనాడు. ఆ సాయంత్రం నడుముకు మోకు కట్టుకొని, లారీ ట్యూబు పట్టుకొని వీధిలోని నీళ్లలోకి దిగినాడు. ఎదురింటి ముసలి దంపతుల్ని, వాళ్ల మనవణ్ణి ఒకరి తర్వాత ఒకర్ని మా మిద్దె మీదికి చేర్చినాడు. పిల్లోడు భయపడకుండా దారిపొడుగునా నాటకం పద్యాలు రాగం తీసి పాడినాడు. ఆయన చనిపోయిన ఏడాది దాన్ని వ్యాసంగా రాసినాను. అచ్చయింది. శానామంది జాబులు రాసినారు, ఒకాయన దండం పెడుతున్నాను తల్లీ అన్నాడు. మా పాప చదివి పత్రిక పక్కన పెట్టి ఒకే ముక్క అడిగింది: "అమ్మా, అప్పుడు నువ్వు యాడుంటివి?"

నేను మిద్దె మీదున్నాను. ఆ మోకు రెండో కొస నా చేతుల్లో ఉంది. నీళ్ల ట్యాంకు దిమ్మెకు రెండు చుట్లు చుట్టి, ఆయన పోయేకొద్దీ వదులుతూ, వచ్చేకొద్దీ లాగుతూ, లాగిన ప్రతిసారీ ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టినాను. అరచేతుల తోలు లేచిపోయింది. మూడోసారి ఆయన పైకెక్కి నిలబడగానే చెంప మీద కొట్టినాను. పెండ్లయిన ముప్పై నాలుగేండ్లలో అదొక్కసారే. ఆయన తడిసిన మీసం తుడుచుకొని నవ్వినాడు. ఆ మోకూ లేదు, ఆ దెబ్బా లేదు నా వ్యాసంలో. పోయినాయన పరువు తగ్గుతుందని నేనే తీసేసినాను. తీసేసినాక మిగిలిన మనిషి ఎవరో దేవుడి పటం లాంటోడు. మా ఆయన కాదు. మా పాప అడిగేదాకా నాకా సంగతి తట్టలేదు. ఇన్నేండ్లు కథలు రాసినదాన్ని, ఇప్పటికీ తలుచుకుంటే కలుక్కుమంటుంది.

అందుకే నీ ఏడో పేజీని ఎండకు పట్టినాను. రెండు వాక్యాల మీద అడ్డగీతలు బలంగా గీసినావు, అయినా కింద అక్షరాలు కనపడినాయి. "అమ్మ కమ్మలు కుదవ పెట్టి నాయన మమ్మల్నందర్నీ లేపాక్షికి, తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి తీసుకపోయినాడు. అమ్మ ఆ నెలంతా నాయనతో మాట్లాడలేదు."

ఆ గీతలు తీసెయ్. మీ నాయన ఊర్లు తిరిగిన ప్రతి రాత్రీ ఆ మోకు రెండో కొస మీ అమ్మ చేతిలో ఉంది. ఆమె లేకుండా నువ్వు రాసిన పద్నాలుగు పేజీల్లో ఆయన ఎక్కడికి పోయినాడో తెలుస్తుంది గానీ, ఎక్కడికి తిరిగొచ్చినాడో తెలియదు. ఆ కమ్మలు పోయినందుకు ఆమె ఏడ్చి ఉంటుంది. అంత పెద్ద మర్రి కింద ఊడలు పట్టుకొని ఊగుతున్న మిమ్మల్ని చూసి లోలోపల సంబరపడి కూడా ఉంటుంది. రెండూ రాయి.

కానీ కమ్మలు ఆమెవి. కాబట్టి ముందు ఆమె దగ్గర కూర్చొని చదివి వినిపించు. వద్దంటే ఆ ముక్క వదిలెయ్యాల్సిందే, రచన ఎంత చెడినా సరే. ఒప్పుకుంటే మాత్రం ఆమె చెప్పేది ఓపిగ్గా విను, మధ్యలో పెన్ను తీయొద్దు. నాయన గురించి నీకు తెలియని మనిషిని ఆమె చూపిస్తుంది.

అడిగేటప్పుడు నా కోసం ఇంకొక్కటి అడుగు. ఆ కమ్మలు మీ నాయన విడిపించినాడా, లేదా? నువ్వు కొట్టేసిన వాక్యాల్లో అది లేదు. పది రోజులుగా నాకు అదే ఆలోచన.

ఆశీస్సులతో
పెద్దమ్మ