ఊరికే కూర్చుంటే తప్పు చేసినట్టు ఉంటోంది

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. మొన్న ఆదివారం మావారు పిల్లల్ని తీసుకుని మా అత్తగారింటికి వెళ్లారు. 'ఈ ఒక్కరోజైనా హాయిగా రెస్ట్ తీసుకో' అని మరీ మరీ చెప్పి వెళ్లారు. ఎన్నో నెలల తర్వాత దొరికిన రోజు. పుస్తకం తీసుకుని అలా కూర్చున్నానో లేదో, బీరువా సర్దాలని గుర్తొచ్చింది. అది సర్దేసరికి మధ్యాహ్నం దాటింది. తర్వాత ఫోన్ పట్టుకున్నాను, చూస్తుండగానే చీకటి పడిపోయింది. వాళ్లు తిరిగొచ్చేసరికి ఏడుస్తూ కూర్చున్నాను. మా అమ్మ ఏనాడూ ఊరికే కూర్చోగా చూడలేదు. నేను కూర్చుంటే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. విశ్రాంతి తీసుకోవడం కూడా నాకు చేతకాదా?

జవాబు: మీ ఉత్తరంలో 'ఊరికే' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట చిన్నప్పటి నుంచి మీరు ఎన్నిసార్లు విని ఉంటారో! 'ఊరికే కూర్చున్నావేం?' 'ఊరికే ఉంటే ఆ బట్టలు మడతపెట్టకూడదూ?' ఇవి వింటూ పెరిగిన పిల్లకి, పెద్దయ్యాక ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆ గొంతు వినబడుతూనే ఉంటుంది. మీ అమ్మగారిని తప్పుపట్టడం లేదమ్మా. ఆవిడ కూర్చుంటే ఆ పనులు అందుకునే మనిషి ఇంకొకరు లేరేమో. మీ పరిస్థితి వేరు. మీరు కూర్చోవాలనే మీవారు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. ఆ రోజు మీరు ఎవరి దగ్గరా దొంగిలించలేదు, మీకు ప్రేమగా ఇచ్చారు.

ఇక చేతకాకపోవడం గురించి. ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. 2014లో అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీకి చెందిన టిమోతీ విల్సన్ బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. చేతిలో ఫోన్ లేదు, పుస్తకం లేదు. కావాలంటే నొక్కి కరెంట్ షాక్ తగిలించుకునే బటన్ మాత్రం ఉంది. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని అంతకుముందు చెప్పినవాళ్లే వాళ్లంతా. అయినా 42 మందిలో 18 మంది ఒక్కసారైనా ఆ బటన్ నొక్కారు! ఏమీ తోచకుండా ఉండటం మనిషికి అంత కష్టం. మీరు బీరువా సర్దారు, ఫోన్ చూశారు. దానికి ఇంత బాధపడకండి.

నాకు ఎక్కువ ఆందోళనగా అనిపించింది, కూర్చుంటే తప్పు చేస్తున్నానన్న మీ భావన. ఖాళీ సమయం అంటే దండగ అని గట్టిగా నమ్మేవాళ్లు ఆ సమయాన్ని తక్కువగా ఆస్వాదిస్తారనీ, వాళ్లలో టెన్షన్, దిగులు ఎక్కువగా కనిపిస్తాయనీ 2021లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అంటే రోజంతా ఖాళీ దొరికినా, మనసులో ఆ లెక్క నడుస్తున్నంతసేపూ మీకు విశ్రాంతి దక్కదు.

అందుకే ముందు ఆ లెక్క సంగతి చూద్దాం. ఈసారి అలాంటి రోజు దొరికితే, పొద్దున్నే ఒక కాగితం తీసుకోండి. బుర్రలో తిరుగుతున్న పనులన్నీ రాయండి. పక్కనే ఎప్పుడు చేస్తారో కూడా రాయండి. 'బీరువా: శనివారం సాయంత్రం' అన్నంత స్పష్టంగా. మిగిలిపోయిన పనికి ఒక ప్లాన్ అంటూ ఉంటే అది మాటిమాటికీ గుర్తొచ్చి సతాయించడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఇది పనిచేయడం చూశాను. ఆ కాగితం మడిచి డ్రాయర్‌లో పెట్టేయండి.

విశ్రాంతికి మాత్రం టైమ్‌టేబుల్ వేయకండి. 'పదింటికి పుస్తకం, పదకొండింటికి నిద్ర' అని రాసుకుంటే అదీ డ్యూటీలాగే అనిపిస్తుంది. మధ్యాహ్నం కాసేపు చదువుతాను అనుకోండి, చాలు. రెండు పేజీలకే నిద్ర పట్టిందా, పట్టనివ్వండి. ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి, చేతికందే దూరంలో ఉంటే చెయ్యి దానంతట అదే వెళుతుంది.

ఇంకో మాట. మీరు ఆ ఆదివారం నుంచి చాలా పెద్ద సంతోషం ఆశించారనిపిస్తోంది. ఇంటిపట్టున గడిపే రోజులో ఉండేవి చిన్న చిన్నవి, దగ్గరికి వెళ్తేనే కనబడతాయి. ఆరిన బట్టలు తీసుకొస్తున్నారనుకోండి. ఒక తువ్వాలు తీసి మొహానికి ఆనించుకోండి. ఇంకా ఎండ వేడి ఉంటుంది, కాస్త గరుగ్గా, ఒక రకమైన పొడి వాసనతో. అలా ఒక నిమిషం నిలబడండి. మడతపెట్టడం తర్వాత. కిటికీ ఊచల నీడ పొద్దున గోడమీద ఉన్నది మధ్యాహ్నానికి నేలమీదకి దిగుతుంది. ఇన్నేళ్లుగా మీరుంటున్న ఇల్లే అయినా, ఆ వేళకి మీరు ఆఫీసులో ఉంటారు కాబట్టి అది చూసి ఉండరు. నేను ఇలాంటివాటిని తేలిగ్గా తీసుకోను. మనసు కుదుటపడటం వీటి దగ్గరే మొదలవుతుంది. అలవాటు లేనివారికి రోజంతా ఇలా ఉండటం కష్టం, మొదట్లో పావుగంట చాలు.

ఒక జాగ్రత్త. ఇంతకుముందు ఇష్టంగా చేసినవి ఏవీ ఇష్టం అనిపించకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటి ఉంటే అది విశ్రాంతి సమస్య కాదు, డిప్రెషన్ కావచ్చు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. చికిత్సతో తగ్గుతుంది.

మీవారితో కూడా మాట్లాడండి. ఆ రోజు మిమ్మల్ని ఏడుస్తూ చూసి, ఏం జరిగిందో తెలియక ఆయనా కంగారుపడే ఉంటారు. నాకు రాసినదంతా ఆయనకీ చెప్పండి. నెలకి ఒక పూటైనా ఇలా కావాలని అడగండి. మళ్లీసారి వాళ్లు తిరిగొచ్చి 'ఏం చేశావు రోజంతా?' అని అడిగితే, చేసిన పనులు ఏకరువు పెట్టకండి. 'ఊరికే కూర్చున్నాను' అని చెప్పండి. పిల్లలు వినేలా చెప్పండి.