హాస్పిస్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది, చేరవచ్చా?

హాస్పిస్‌లో, అంటే నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోట, చేరేముందు జీతం, వీసా, డ్యూటీ టైమింగులు అన్నీ అడిగావు చెల్లీ. డ్యూటీ దిగి గదికొచ్చాక ఎవరితో మాట్లాడతావో మాత్రం ఆలోచించినట్టు లేవు. బ్రిటన్ అంటున్నావు కాబట్టి ఎన్‌ఎంసీ (అక్కడి నర్సుల కౌన్సిల్) రిజిస్ట్రేషన్, ఇంగ్లీషు పరీక్ష, ఓఎస్‌సీఈ (పని చేసి చూపించే పరీక్ష) వివరాలు వాళ్ల సైట్‌లోనే ఉంటాయి, ఓపిగ్గా చదువుకో.

నీలాగే నేనూ ఐసీయూ నుంచి వచ్చినదాన్నే. బీపీ పడిపోతుంటే చేతులు ఊరుకునేవి కావు. ఇక్కడ ఊరుకోవడం నేర్చుకోవాలి. చివరి రోజుల్లో మనిషి తిండి మానేస్తే సెలైన్ ఎందుకు పెట్టరని ఇంట్లోవాళ్లు నిలదీస్తారు. ఒంటికి ఇక తిండి అక్కర్లేదని విడమరిచి చెప్పాలి, నోరు ఎండకుండా తడుపుతూ ఉండాలి. మాత్ర మింగలేనివాళ్లకు సిరంజి డ్రైవర్ పెడతాం. చర్మం కింద సన్న సూదిలోంచి నొప్పికి మార్ఫిన్, ఆందోళనకు మిడజొలామ్ లాంటి మందులు 24 గంటలపాటు కొద్దికొద్దిగా వెళ్తాయి. మార్ఫిన్ ఇస్తే ప్రాణం పోతుందేమో అన్న నీ భయం నాకూ ఉండేది. నొప్పిని బట్టి జాగ్రత్తగా పెంచుకుంటూ పోతే అలా జరగదు. దాంతోపాటు విరేచనం మందు రాయించడం మాత్రం మర్చిపోకు.

నాకు దెబ్బ తగిలింది మాట దగ్గర. కొత్తలో ఒక రాత్రి దిండు సర్దుతుంటే ఒక పెద్దాయన "నేను పోతున్నానా?" అన్నాడు. "అవేం మాటలండీ, తగ్గిపోతుంది" అనేశాను. మనవాళ్లెవరైనా అనేది అదే కదా. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు అదే ప్రశ్న గది తుడిచే ఆవిడను అడిగాడట. ఆవిడ మాప్ పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, "మీకేమనిపిస్తోంది?" అందట. గంటసేపు మాట్లాడాడు. డిగ్రీ ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది! ఇప్పుడు కొత్త డాక్టర్లకు సైతం ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో నేనే చూపిస్తున్నాననుకో.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, నొప్పిలో ఒంటి బాధ, మనసు బాధ, మనుషులతో ఉన్న బాధ అన్నీ కలిసి ఉంటాయని చెప్పేది. ఆవిడా మొదట నర్సే. పేషెంటు సంగతి సరే, డ్యూటీ దిగిన నర్సు బాధ ఎవరికి చెప్పుకోవాలి? పేషెంటు వివరాలు బయట చెప్పకూడదు. అమ్మకు ఫోన్ చేస్తే "పొద్దున్నే ఆ చావుకబుర్లెందుకే, తిన్నావా?" అంటుంది. ఖాళీ గదికి వెళ్లలేక నేను అదనంగా నైట్‌లు వేయించుకునేదాన్ని. డబ్బు పిచ్చి అనుకున్నారు అందరూ. ఏడవడం రాని స్థితికి వచ్చాక గానీ మనసు బాధ వినే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లలేదు.

అందుకని ఇంటర్వ్యూలో సూపర్విజన్, అంటే పని బరువు గురించి సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకోవడం, ఎవరిస్తారు, పేషెంటు పోయాక టీమంతా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి ఉందా అని అడుగు. వాళ్లు నీళ్లు నమిలితే ఆ ఉద్యోగం వద్దు. ఒంటరిగా గది తీసుకోకు, వేరే నర్సులున్న ఇంట్లో చేరు. సింకులో గిన్నెల గురించి రోజూ గొడవ పడతారు, పడండి.