ప్రోలాగ్ ఫైళ్లు కంపైల్ చేసే ముందు

హొరమావు, బెంగళూరు

చి. అమ్ములుకు మావయ్య ఆశీస్సులు.

నీ బస్ రూట్ల ప్రాజెక్టు ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇచ్చారని అక్క చెప్పింది. "సీ లాగా ముందు కంపైల్ చేసి తర్వాత రన్ చేయాలా, పైథాన్‌లాగా నేరుగా నడిపేయాలా?" అన్న నీ ప్రశ్న కూడా చెప్పింది. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

ప్రోలాగ్‌లో ఫైలు లోడ్ చేయడమే కంపైల్ చేయడం. ప్రోలాగ్ తెరిస్తే కనిపించే ?- గుర్తు దగ్గర చదరపు బ్రాకెట్లలో ఫైలు పేరు కొట్టి చుక్క పెట్టావంటే, అది ఫైల్లోని ఒక్కో వాక్యాన్నీ చుక్క వరకు చదివి, తన లోపలి మెషిన్‌కి అర్థమయ్యే సూచనలుగా మార్చి, మెమరీలో పెట్టుకుంటుంది. డిస్కు మీద వేరే ఫైలేమీ పుట్టదు. దాంతో చాలామంది ఇది ఇంటర్‌ప్రెటర్ భాషే, అంటే కంపైల్ చేయకుండా నేరుగా చదివి నడిపేదే అనుకుంటారు. 1972లో మార్సెయ్‌లో కోల్మరోయర్ బృందం మొదలుపెట్టినప్పుడు అలాగే ఉండేది. కానీ 1977 నాటికే డేవిడ్ వారెన్ ఎడిన్‌బరోలో డెక్-10 మెషిన్ కోసం కంపైలర్ రాసేశాడు. 1983లో ఆయనే రూపొందించిన వామ్ అనే ఊహా యంత్రం మీదే తర్వాతి ప్రోలాగ్‌లు చాలావరకు నిలబడ్డాయి.

ప్రోలాగ్ సాఫ్ట్‌వేర్‌లు చాలా ఉన్నాయి, నువ్వు ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ వేసుకో, ఉచితం. ఫైలు పేరు చిన్న అక్షరంతో మొదలుపెట్టు. పెద్ద అక్షరమైతే వేరియబుల్ అనుకుని ఎర్రర్ ఇస్తుంది, లేదా పేరుని సింగిల్ కోట్స్‌లో పెట్టాల్సి వస్తుంది. విండోస్ అయితే ఫోల్డర్ల మధ్య మామూలు స్లాషే వాడు. డాట్ పీఎల్ అని పేరు పెడితే నీ ఎడిటర్ దాన్ని పెర్ల్ అనే ఇంకో భాష అనుకుని అడ్డదిడ్డంగా రంగులు వేయొచ్చు, కంగారు పడకు. రూల్స్‌ని ?- దగ్గర టైప్ చేసి "తీసుకోవట్లేదేంటి" అని తల పట్టుకోవద్దు. అది ప్రశ్నలు అడిగే చోటు, రూల్స్ ఉండాల్సింది ఫైల్లో.

ఇక అసలు సంగతి, వార్నింగ్‌లు. తెర మీద నాలుగు లైన్లు వస్తాయి, ఫైలు లోడ్ అయిపోతుంది, అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తారు. కొంప ముంచేది అక్కడే. ఇది చూడు. మొదటి రెండు లైన్లు ఏ స్టాపు తర్వాత ఏది వస్తుందో చెప్పే ఫ్యాక్ట్స్, మిగతా రెండూ రూల్స్, వాటి మధ్యలో :- అంటే "ఎప్పుడంటే" అని:

తరువాత(అగర, ఇబ్బలూరు).
తరువాత(ఇబ్బలూరు, బెళ్లందూరు).
చేరవచ్చు(_ఎక్కే, _దిగే) :- తరువాత(_ఎక్కే, _దిగే).
చేరవచ్చు(_ఎక్కే, _దిగే) :- తరువాత(_ఎక్కే, _మధ్య), చేరవచ్చు(_మద్య, _దిగే).

తెలుగులోనే రాశాను, ఎస్‌డబ్ల్యూఐ చక్కగా చదువుతుంది. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు. మన లిపిలో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి వేరియబుల్ ముందు అండర్‌స్కోర్ పెట్టాలి, అంతే తేడా. చివరి లైను మళ్లీ చదువు. ఒక చోట "మధ్య", ఇంకో చోట వత్తు లేకుండా "మద్య". ప్రోలాగ్‌కి అవి రెండు వేర్వేరు వేరియబుల్స్. ఎర్రర్ ఇవ్వదు. "సింగిల్‌టన్ వేరియబుల్స్" అని ఆ రెండు పేర్లూ చూపించి ఊరుకుంటుంది. ఇప్పుడు ఇబ్బలూరు నుంచి ఇబ్బలూరు చేరవచ్చా అని అడుగు, ట్రూ అంటుంది! ఆఫీసు టైములో రింగ్ రోడ్డు మీద అది నిజమే అనుకో, కానీ నీ మేడం ఒప్పుకోరు. వార్నింగ్ ఒక్కటి మిగిలున్నా ముందుకు వెళ్లకు. ఒకసారే వచ్చే వేరియబుల్ నిజంగా అక్కర్లేనిదైతే అక్కడ ఒట్టి అండర్‌స్కోర్ పెట్టు.

ఒకే పేరు రూల్స్ ఫైల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే "కలిసి లేవు" అని మరో వార్నింగ్ వస్తుంది. కట్ చేసి ఒక చోట పెట్టు, సరిపోతుంది.

రెండు ఫైళ్ల వ్యవహారం మాత్రం జాగ్రత్త. రింగ్ రోడ్డు స్టాపులు ఒక ఫైల్లో, హోసూరు రోడ్డువి ఇంకో ఫైల్లో పెట్టి, రెండింట్లోనూ "తరువాత" అనే పేరే వాడావనుకో. రెండోది లోడ్ చేయగానే మొదటి ఫైలువి తుడిచేస్తుంది. "రీడిఫైన్డ్" అని ఒక మాట చెప్తుంది, అంతే. ఆ తర్వాత అగర నుంచి బెళ్లందూరు అడిగితే ఫాల్స్. లాజిక్ తప్పేమోనని రాత్రంతా రూల్స్ తిరగేసినా దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. రెండు ఫైళ్ల మొదట్లోనూ ఆ పేరుకి మల్టీఫైల్ డిక్లరేషన్ పెట్టు, అంటే ఈ పేరు ఒకటికి మించి ఫైళ్లలో ఉంటుందని ముందే చెప్పడం. ప్రోగ్రాం నడుస్తుండగా అసర్ట్ అనే కమాండ్‌తో కలిపే ఫ్యాక్ట్స్ ఉంటే వాటికి డైనమిక్ డిక్లరేషన్ కావాలి, అంటే ఇవి మారతాయని ముందే చెప్పాలి. లేకపోతే స్టాటిక్ ప్రొసీజర్‌ని మార్చే పర్మిషన్ లేదంటుంది.

ఫైలు మార్చిన ప్రతిసారీ విండో మూసి తెరవక్కర్లేదు. మేక్ అని కొట్టి చుక్క పెడితే మారిన ఫైళ్లనే మళ్లీ లోడ్ చేస్తుంది. సబ్మిట్ చేసే ముందు మాత్రం అన్నీ మూసేసి కొత్తగా తెరిచి చూడు. పాత సెషన్‌లో మిగిలిపోయిన ఫ్యాక్ట్స్ వల్ల పనిచేస్తోందో, ఫైళ్ల వల్లే పనిచేస్తోందో అప్పుడు తెలుస్తుంది.

మేడం ల్యాప్‌టాప్‌లో ప్రోలాగ్ లేకపోతే ఎగ్జిక్యూటబుల్, అంటే నేరుగా నడిచే ఫైలు, చేయాల్సి వస్తుంది. కమాండ్ లైన్‌లో మైనస్ ఓ తర్వాత కొత్త పేరు, మైనస్ సీ తర్వాత నీ ఫైలు పేరు ఇస్తే తయారవుతుంది. స్టాండ్ అలోన్ ఆప్షన్ మర్చిపోయావో, అవతలి మెషిన్లో కూడా ఎస్‌డబ్ల్యూఐ ఉండాల్సిందే. ఇందులో అందరూ పడే గొయ్యి ఒకటుంది. :- తో మొదలయ్యే లైన్లు లోడ్ అయ్యేటప్పుడే నడుస్తాయి. అంటే బస్ టైమింగ్స్ ఫైలుని అలాంటి లైన్లో చదివించావంటే, అది ఎగ్జిక్యూటబుల్ తయారు చేస్తున్నప్పుడు నీ మెషిన్లో చదువుతుంది. మేడం దగ్గర మళ్లీ చదవదు, నువ్వు టైమింగ్స్ మార్చి ఇచ్చినా పాతవే చూపిస్తుంది. స్టార్ట్ అయినప్పుడు జరగాల్సినవన్నీ మెయిన్‌లో పెట్టి, దాన్ని ఇనిషియలైజేషన్ డైరెక్టివ్‌కి అప్పగించు, అది ప్రోగ్రాం మొదలైనప్పుడు మెయిన్‌ని నడిపిస్తుంది.

ఎగ్జిక్యూటబుల్ చేస్తే స్పీడ్ పెరుగుతుందని మీ ఫ్రెండ్ అన్నాట్ట. ఎస్‌డబ్ల్యూఐలో పెరగదు, అన్నీ ఒకే మూటలో పెడుతుందంతే. అసలైన మెషిన్ కోడ్ కావాలంటే గ్నూ ప్రోలాగ్ అనే ఇంకో ప్రోలాగ్‌లో జీపీఎల్‌సీ అనే కంపైలర్ ఉంది. కానీ ఎస్‌డబ్ల్యూఐ సొంత లైబ్రరీలు అక్కడ దొరకవు. నీ నాలుగు రూట్లకి ఆ గొడవ అనవసరం. క్యూఎల్ఎఫ్ ఫైళ్లు, అంటే కావాలంటే ముందే కంపైల్ చేసి డిస్కు మీద దాచుకునేవి, కూడా ఎవరికీ పంపకు, అవతల వెర్షన్ వేరైతే పనిచేయవు. సోర్సే పంపు.

ఇంకా ఎక్కడైనా ఇరుక్కుంటే ఫైళ్లతో పాటు, లోడ్ చేసినప్పుడు తెర మీద వచ్చిందంతా కాపీ చేసి మెయిల్ చెయ్. వాట్సాప్‌లో సగం కట్ అయిన ఫొటో వద్దు. మీ అత్తయ్య ఆదివారం భోజనానికి రమ్మంటోంది, ల్యాప్‌టాప్ తెచ్చుకో.

మీ మావయ్య