ఎం.ఎస్.డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టుకి క్వాలిటేటివ్ పద్ధతుల్లో ఏది తీసుకుంటే మంచిది?

ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు, టాపిక్ వేట నిషేధం టైములో మత్స్యకార కుటుంబాలు, గైడు క్వాలిటేటివ్ (అంకెలతో కాకుండా మనుషుల మాటలు, అనుభవాలతో చేసే పరిశోధన) చెయ్యమన్నారు, వెతికితే అయిదారు రకాలు కనిపిస్తున్నాయి ఏది పట్టుకోవాలో తెలీట్లేదు అన్నారు కదా. నేనూ వైజాగ్‌లోనే చదివా, పెదజాలారిపేటలో చేపలమ్మే ఆడవాళ్ళ మీద డిసర్టేషన్ చేశా, ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు పద్ధతి పేరు పక్కన పెట్టేయండి. మీకు ఏం తెలుసుకోవాలని ఉందో ఒక్క వాక్యంలో రాయండి, పద్ధతి దాన్నిబట్టి అదే తేలిపోద్ది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకెళ్ళవు. ఆ రోజుల్లో ఖాళీగా ఇంట్లో కూర్చోవడం ఒక కళాసీకి (బోటు మీద పనిచేసే కూలీకి) ఎలా ఉంటదో తెలుసుకోవాలంటే ఫినామినాలజీ, అదే అనుభవం పడ్డ కొద్దిమందితో లోతుగా మాట్లాడాలి. ఒకే పెద్దావిడ చిన్నప్పట్నుంచి ఇవాళ్టిదాకా బతుకు ఎలా నడిపిందో ఆవిడ మాటల్లోనే రాస్తే నేరేటివ్. అప్పు ఎవరి దగ్గర తెస్తారు, ఎలా తీరుస్తారు, మళ్ళీ ఆ షావుకారి దగ్గరికే ఎందుకెళ్తారు, ఈ తతంగం అంతా ఎలా నడుస్తదో దొరికిన డేటాలోంచే ఒక సిద్ధాంతం కట్టాలంటే గ్రౌండెడ్ థియరీ, గ్లేసర్, స్ట్రాస్ 1967లో పెట్టిన పద్ధతి. 2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి కదా, ఆ ఒక్క ఘటన పట్టుకుని మనుషుల మాటలు, పేపర్ వార్తలు, ఆఫీసు కాగితాలు అన్నీ కలిపి చూస్తే కేస్ స్టడీ.

ఇక ఎథ్నోగ్రఫీ, అంటే ఆ మనుషుల మధ్యే చాన్నాళ్ళు ఉండి వాళ్ళ బతుకుని చూసి రాయడం. మనవాళ్ళు రెండు ఆదివారాలు పేటకెళ్ళి ఫొటోలు దిగొచ్చి ఎథ్నోగ్రఫీ అని రాసేస్తారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం టైములో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో అక్కడివాళ్ళ మధ్యే గుడారం వేసుకుని, భాష నేర్చుకుని బతికాడు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ పక్కన శామీర్‌పేట ఊరి మీద మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే పుస్తకం 1955లో వచ్చింది, దాని వెనక ఒక టీమ్ మొత్తం పనిచేసింది. ఒక్క సెమిస్టర్ పనికి ఆ పేరు పెడితే వైవాలో దొరికిపోతారు.

మీకున్న టైముకి సెమీ స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూలు (ముఖ్యమైన ప్రశ్నలు ముందే రాసుకుని, మాటని బట్టి మిగతావి అడగడం), కాస్త అబ్జర్వేషన్, తర్వాత థీమాటిక్ ఎనాలిసిస్ (మాటల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే విషయాల్ని పట్టుకోవడం) చాలు. దానికి బ్రాన్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో చెప్పిన ఆరు మెట్లు ఉంటాయి, గైడుకి కూడా అది తెలిసిందే కాబట్టి పేచీ రాదు.

ఫీల్డ్‌లో అసలు పని వేరు. తెల్లారగట్ల హార్బర్‌లో వేలంపాట నడిచేటప్పుడు ఎవరూ మీకు జవాబు చెప్పరు, పక్కన నిలబడి చూడండి చాలు, ఎవరు పాడుతున్నారు, ఎవరు వెనక్కి తగ్గుతున్నారు, నలుగురాడాళ్ళు డబ్బులేసుకుని ఒక కుప్ప కొని అక్కడే నేలమీద ఎలా పంచుకుంటున్నారు, ఇవేవీ ఇంటర్వ్యూలో రావు. మధ్యాహ్నం పేటలోకెళ్తే మొదటి మాటే "ఏటమ్మా, సర్వేనా? మాకేటైనా వస్తాదా?" అంటారు. అక్కడే తేల్చి చెప్పెయ్యాలి, ఏ పథకం రాదు పిన్నీ, ఇది నా చదువు కోసం, నీ పేరు రాయను, ఇష్టం లేకపోతే మధ్యలో ఆపెయ్యొచ్చు అని. సంతకం ఫారం తర్వాత సంగతి, అసలు కన్సెంట్ (తెలిసి ఒప్పుకోవడం) అంటే ఇదే. నెలకెంత వస్తది అని అడిగితే "ఏటొస్తాదిలే" అని తోసేస్తారు, నిన్న వేలంలో ఎంతకి పాడావు, ఐసుకెంత, ఆటోకెంత, మిగిలింది ఎవరి చేతిలో పెట్టావు అని అడగండి, లెక్కతో పాటు ఇంటి కథంతా వచ్చేస్తది.

ఫోకస్ గ్రూప్ పెడితే ఆరు నుంచి ఎనిమిది మంది చాలు, కానీ అత్తని కోడల్ని, బోటు ఓనరుని కళాసీని ఒకే చోట కూర్చోబెట్టకండి, చిన్నవాళ్ళు నోరు విప్పరు.

ఎంతమంది అంటే, కొత్త విషయం రావడం ఆగిపోయేదాకా. 2006లో గెస్ట్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు తమ 60 ఇంటర్వ్యూలు చూసి చాలా మటుకు మొదటి పన్నెండులోనే వచ్చేసిందన్నారు, కాకపోతే అందరూ ఒకేలాంటివాళ్ళు అయినప్పుడే. వందలో ఇంతమంది అని శాతాలు మాత్రం వెయ్యకండి ప్లీజ్.

గంట ఆడియో కాయితం మీదకి ఎక్కించడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుద్ది, టైమ్‌టేబుల్‌లో వేసుకోండి. వాళ్ళ యాస యాసలాగే రాయండి, పాఠ్యపుస్తకం భాషలోకి దిద్దకండి. ప్రతిదీ రెండు చోట్ల దాచండి. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గర రాంపుర ఊరి మీద రాసుకున్న నోట్సు 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో తగలబడిపోతే జ్ఞాపకం మీదే పుస్తకం రాశారు, 1976లో వచ్చింది, మనవల్ల అయ్యే పని కాదది. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైలు మాత్రం ట్రాన్స్‌క్రిప్టులతో కలపకుండా విడిగా పాస్‌వర్డ్ పెట్టి ఉంచండి.