శిక్షల మార్గదర్శకాలు రాయబోతున్న మేనకోడలికి

చిత్తూరు

చిరంజీవి సుమతికి మామయ్య ఆశీస్సులు.

నేరశిక్షల మార్గదర్శకాల ముసాయిదా తయారుచేసే బృందంలో సలహాదారుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో రాసి పంపమని నువ్వు అడిగావట. మేజిస్ట్రేటుగానూ, ఆ తరువాత సెషన్సు జడ్జిగానూ ముప్పై ఏళ్లు శిక్షలు వేసి, పదవీ విరమణ తరువాత ఇటువంటి కమిటీలోనే రెండేళ్లు కూర్చున్నవాడిని కనుక నాకు తోచింది రాస్తున్నాను. మా కమిటీ నివేదిక బీరువా దాటి బయటికి రాలేదు, అది వేరే సంగతి.

మొదటి రోజే నీ బల్లమీద ఒక దొంతర పెడతారు. అందులో నేరన్యాయ వ్యవస్థ సంస్కరణలపై 2003 నాటి మలిమత్ కమిటీ నివేదిక, ఆ తరువాతి మాధవ మీనన్ కమిటీ నివేదిక, ఉరిశిక్ష అత్యంత అరుదైన కేసుల్లోనే వేయాలన్న 1980 నాటి బచన్ సింగ్ తీర్పు, మన దేశంలో శిక్షల ఖరారుకు ఒక విధానమంటూ లేదని వాపోయిన 2008 నాటి ప్రేమ్ సాగర్ తీర్పు, అదే మాట మళ్లీ చెప్పిన సోమన్ తీర్పు తప్పకుండా ఉంటాయి. అన్నీ చదువు, కానీ వాటికి వారం రోజులకు మించి ఇవ్వకు. బచన్ సింగ్ తీర్పును పక్కన పెడితే, మార్గదర్శకాలు కావాలని మిగతావి ఒప్పుకుంటాయి. సైకిలు దొంగకు మూడు నెలలా, ఏడాదా అన్న ప్రశ్న దగ్గర అవి నీకు తోడు రావు. పైగా మన న్యాయశాస్త్రంలో శిక్షల గురించి జరిగిన చర్చలో చాలా భాగం ఉరి చుట్టూనే తిరిగింది. జిల్లా కోర్టులో జడ్జి రోజూ వేసే శిక్ష దొంగతనానికి, కొట్లాటకు, చెల్లని చెక్కుకు, నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు.

అందువల్ల ఏదైనా ఒక కోర్టు రికార్డు గదికి అనుమతి తెచ్చుకుని, కనీసం రెండు వందల తీర్పుల చివరి పేజీలు చదువు. మొదటి పేజీలు వద్దు, సాక్ష్యాల చర్చ వద్దు. నేరం రుజువైందని చెప్పిన తరువాత వచ్చే పేరా ఒక్కటే చదువు. శిక్ష విషయమై ప్రశ్నించగా ముద్దాయి తాను పేదవాడినని, భార్యాపిల్లలు తనమీదే ఆధారపడి ఉన్నారని, దయతలచమని ప్రాధేయపడినాడని అందులో ఉంటుంది. అవే మాటలు తరువాతి తీర్పులోనూ, ఆ తరువాతి దానిలోనూ కనిపిస్తాయి. పెళ్లికాని కుర్రవాడికి కూడా భార్యాపిల్లలు అంటగట్టిన తీర్పు ఒకటి నేను చూశాను. శిక్షపై ముద్దాయి వాదన వినాలని 1973 నాటి నేర ప్రక్రియా స్మృతిలోని 235వ సెక్షను చెప్పింది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 258వ సెక్షను. ఆ వినడం లాంఛనం కాదని, ముద్దాయి వయసు, చదువు, గతం, బాగుపడే అవకాశం వంటి వివరాలు కోర్టు ముందుకు రావాలని సుప్రీంకోర్టు 1976లోనే సంతా సింగ్ కేసులో చెప్పింది. అయినా ఆ పేరా ఇప్పటికీ అచ్చు పోసినట్టే ఉంటుంది, ఎందుకంటే సాయంత్రం నాలుగున్నరకు బెంచి దిగబోయే మేజిస్ట్రేటు చేతిలో ఆ వివరాలేవీ ఉండవు. నువ్వు రాసే కాగితం ఆయనకు ఏ సంఖ్య వేయాలో చెప్పడం కన్నా, ఏమేమి అడగాలో, ఏ కారణం రాయాలో చెబితే ఎక్కువ పనికొస్తుంది.

ఈ మాట నా సొంత తప్పు నుంచి నేర్చుకున్నాను. మేజిస్ట్రేటుగా నా తొలి రోజుల్లో ఒకే నెలలో రెండు మోపెడ్ దొంగతనాల కేసులు నా ముందు ముగిశాయి. ఇద్దరూ ఇరవై ఏళ్లు దాటనివారే, ఇద్దరికీ అదే మొదటి నేరం. ఒకరిని సత్ప్రవర్తన పూచీకత్తుపై విడిచిపెట్టాను, రెండో వాడికి ఏడాది కఠిన కారాగారం వేశాను. కొన్ని నెలల తరువాత జైలు తనిఖీకి వెళ్లినప్పుడు ఆ రెండో వాడు చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యా, వాడికీ నాకూ తేడా ఏమి?" అని అడిగాడు. ఇంటికి వచ్చి రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటివాడి తరఫున ఒక వకీలు లేచి, జైలుకు పంపకుండా ఇలా విడిచిపెట్టే వీలిచ్చే 1958 నాటి ప్రొబేషన్ చట్టాన్ని ఉదహరించాడు, రెండోవాడి తరఫున ఎవరూ నోరు మెదపలేదు. అంతకు మించి తేడా లేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారిని జైలుకు పంపేటప్పుడు కారణాలు రాయాలని ఆ చట్టంలోని 6వ సెక్షను చెబుతుంది, ప్రొబేషన్ ఇవ్వగలిగి ఇవ్వనప్పుడు ప్రత్యేక కారణాలు నమోదు చేయాలని పాత స్మృతిలోని 361వ సెక్షను కూడా చెప్పింది. నేను ఒక్క వాక్యం రాయలేదు. రాయవలసి వచ్చి ఉంటే ఆ ఏడాది శిక్ష నా కలం నుంచి వచ్చి ఉండేది కాదు. నీ ముసాయిదాలో మరేది తీసేసినా, వకీలు అడిగినా అడగకపోయినా ప్రొబేషన్ గురించి జడ్జి తనంతట తాను ఆలోచించినట్టు చూపే ఒక గడిని మాత్రం తీసెయ్యనివ్వకు.

ఇక అంకెల విషయం. మీ బృందంలో ఎవరో ఒకరు గత పదేళ్ల శిక్షల సగటు తీసి, దానినే ప్రమాణంగా పెడదామంటారు. వినడానికి బాగుంటుంది, కానీ ఒప్పుకోవద్దు. తిరుపతిలో యాత్రికుల జేబులు కొట్టిన కేసులనే తీసుకో. పర్సు పోయినవాడు ఏ నాందేడ్ నుంచో, ఏ సేలం నుంచో వచ్చి, దర్శనం చేసుకుని వెళ్లిపోయినవాడు. సాక్ష్యానికి మళ్లీ రాడు. పట్టుబడినవాడికి జామీను నిలిచేవాడు దొరకడు. రిమాండులో నెలలు గడిచాక, నేరం ఒప్పుకుంటే ఈ రోజే ఇంటికి పోవచ్చని ఎవరో చెవిలో వేస్తారు. వాడు ఒప్పుకుంటాడు, కోర్టు రిమాండులో గడిపిన కాలాన్నే శిక్షగా ఖరారు చేస్తుంది. రికార్డులో నాలుగు నెలల పదకొండు రోజులని పడుతుంది. ఆ పదకొండు రోజులను ఏ జడ్జీ నేరపు తీవ్రతను తూచి నిర్ణయించలేదు, వాయిదాలు నిర్ణయించాయి. మన దేశపు జైళ్లలో ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే అయినప్పుడు, సగటు తీయడమంటే జాప్యాన్ని ప్రమాణంగా మార్చడమే. తీర్పుల పట్టికతో పాటు జైలు అడ్మిషను రిజిస్టరు కూడా తెప్పించుకుని, గడిపిన కాలంతో సరిపెట్టిన కేసులను విడిగా లెక్కపెట్టించు.

పరాయి దేశాల నమూనాలు తప్పకుండా చర్చకు వస్తాయి. అమెరికాలో 1987లో అమలుకు వచ్చిన ఫెడరల్ (కేంద్ర) కోర్టుల శిక్షల పట్టికలో నేరతీవ్రతకు 43 మెట్లు, పాత నేరచరిత్రకు 6 నిలువు వరుసలు ఉంటాయి. రెండూ కలిసే గడిలో ఎన్ని నెలలో రాసి ఉంటుంది. దానిని పాటించి తీరాలన్న నియమాన్ని అక్కడి సుప్రీంకోర్టే 2005లో బుకర్ కేసులో తీసేసి, సలహా స్థాయికి దించింది. ఇంగ్లండులో 2010 నుంచి పనిచేస్తున్న శిక్షల మండలి దారి వేరు: ముద్దాయి తప్పు ఎంత, జరిగిన హాని ఎంత అని ముందు తేల్చుకుని, దానికి తగిన ప్రారంభ బిందువు నుంచి మొదలై, తీవ్రతను పెంచే, తగ్గించే అంశాలను బట్టి పైకో కిందికో జరుగుతారు. మనకు ఈ రెండోది దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

పట్టిక అంటే భయమెందుకో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. మన మాదకద్రవ్యాల చట్టానికి 2001లో చేసిన సవరణ ఒక పట్టికే. గంజాయి అయితే 1 కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, దానికి కనీస శిక్ష పదేళ్లు. 20 కిలోల మీద వంద గ్రాములు ఎక్కువైనవాడికి పదేళ్ల కన్నా తక్కువ వేసే అధికారం జడ్జికి లేదు, వంద గ్రాములు తక్కువైనవాడికి కనీస శిక్షే లేదు. ఆ మూట మోసినవాడు బస్సు చార్జీకీ భోజనానికీ వచ్చిన కూలీయా, సరుకు యజమానా అన్నది తక్కెడకు తెలియదు. మాదకద్రవ్యంలో కలిపిన మత్తులేని పొడి బరువును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నదానిపై సుప్రీంకోర్టు 2008లో వద్దని, 2020లో హీరా సింగ్ కేసులో తీసుకోవాలని చెప్పిందంటే, ఒక్క బరువు మీద శిక్ష నిలబెడితే ఎంత ఊగుతుందో చూడు.

మన శేషాచలం ఎర్రచందనం కేసులదీ ఇదే కథ. దొరికేది తమిళనాడు కొండల నుంచి కూలికి వచ్చి దుంగ మోసినవాడు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు. దుంగల బరువును బట్టి శిక్ష పెంచుకుంటూ పోతే, ఎక్కువ బరువు మోసిన భుజానికే ఎక్కువ ఏళ్లు పడతాయి. ఇంగ్లండు వారి మాదకద్రవ్యాల మార్గదర్శకంలో నడిపించినవాడు, ముఖ్యపాత్ర వహించినవాడు, చిన్నపాత్ర వహించినవాడు అని మూడు తరగతులు చేశారు. దానిని అరువు తెచ్చుకోవడంలో నామోషీ లేదు.

ఏదైనా ఘోరం జరిగి పత్రికలు మండిపడినప్పుడు, కనీస శిక్ష పెంచి జడ్జి చేతులు కట్టేయమని మీ మీద ఒత్తిడి వస్తుంది. అటువంటప్పుడు కోర్టులో లేకుండా పోయిన విచక్షణ పోలీసు స్టేషనుకు చేరుతుందని గుర్తుచెయ్యి. ఒకే కత్తిపోటును మామూలు గాయంగా రాయాలా, హత్యాయత్నంగా రాయాలా అన్నది ఛార్జిషీటు రాసేవారు తేలుస్తారు. జడ్జి తన కారణాలు తీర్పులో రాయాలి, వాటిపై అప్పీలు ఉంటుంది. స్టేషనులో జరిగిన ఎంపికపై అప్పీలు ఉండదు.

చిన్న సంగతులుగా కనిపించే రెండింటిని వదలవద్దు. మొదటిది జరిమానా. కట్టలేకపోతే అదనంగా ఎంత కాలం జైలని మనం అలవాటుగా రాసేస్తాం. మామూలు తొలి దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కనుక, అందులో నాలుగో వంతు, అంటే తొమ్మిది నెలల దాకా అది పోవచ్చు. వెయ్యి రూపాయలు లేక నెలలు గడిపినవారిని నేను చూశాను. జరిమానా వేసే ముందు ముద్దాయి సంపాదన అడిగి రాయాలని పెట్టించు. రెండోది సామాజిక సేవ. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అయిదు వేల రూపాయల లోపు తొలి దొంగతనంలో సొత్తు తిరిగి ఇస్తే ఆ శిక్ష వేయమంది. కానీ ఎన్ని గంటలో, ఎవరు చూస్తారో అందులో చెప్పలేదు. మీరు రాయకపోతే ఒక కోర్టు రెండు రోజులు ఊడ్చమంటుంది, మరొకటి రెండు నెలలంటుంది.

జడ్జీలతో సమావేశాలలో ఎప్పుడూ తేడాల పట్టికతో మొదలుపెట్టకు. తమను తప్పుపడుతున్నారని అనుకుంటే వారు మౌనం వహిస్తారు. ఒక కల్పిత కేసు చేతికిచ్చి, విడివిడిగా శిక్ష రాయమని, తరువాత అందరివీ చదివించు. నేను కూర్చున్న ఒక గదిలో అదే కేసుకు ప్రొబేషన్ నుంచి రెండేళ్ల దాకా వచ్చాయి. ఆ తరువాత ఎవరికీ నచ్చజెప్పవలసిన పని లేకపోయింది.

ముసాయిదా తొలి ప్రతి తెలుగులో కూడా రాయించి నాకు పంపు. మా వీధి చివర రిటైరైన బెంచి క్లర్కు ఒకాయన ఉన్నారు. ఇరవై మంది మేజిస్ట్రేట్ల దగ్గర పనిచేసినవారు. ఆయన చేత చదివించి, ఎక్కడ ఆగి వెనక్కి తిప్పి చదివారో అక్కడ ఎర్రసిరాతో గీతపెట్టి పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య