ఎంత ఎక్కువ కడతారని అడిగే ముందు

ఒరేయ్ బుజ్జీ,

విజయవాడ, వరంగల్ ఇళ్ళలో సర్వేకని నువ్వు పంపిన ఫారం మొత్తం చదివాను. మొదటి రెండు పేజీలు బాగానే ఉన్నాయి గానీ మూడో పేజీలో "సోలార్, గాలిమరల కరెంటు కోసం నెలకి అదనంగా ఎంత కట్టడానికి సిద్ధం?" అని రాసి, కింద ఖాళీ గీత ఒకటి వదిలేశావు చూడు, అక్కడ ఆగిపోయాను. సర్వే కాగితాలు పట్టుకుని ఇళ్ళ చుట్టూ తిరగడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి చెబుతున్నా, ఆ గీత మీద పడే అంకె నిన్ను వాళ్ళు ఎవరనుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. సోలార్ కంపెనీ ఏజెంటు అనుకుంటే సున్నా. కరెంటాఫీసు మనిషి అనుకుంటే అదీ సున్నానే, పైగా నాలుగు తిట్లు. చదువుకుంటున్న పిల్లాడు పాపం ఎండలో వచ్చాడు అనుకుంటే వంద రాసుకోమంటారు, మజ్జిగ కూడా ఇస్తారు. ఆ వందని నిజం అనుకున్నావో నీ థీసిస్ అక్కడే అయిపోయింది.

అందుకని గుమ్మంలోనే చెప్పెయ్, నేను ప్యానెళ్ళు అమ్మడానికి రాలేదు, సబ్సిడీ ఇప్పించడానికీ రాలేదు అని. 2024లో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం వచ్చిన దగ్గర్నుంచి సోలార్ అనగానే అందరికీ డాబా మీద పలకలు, 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ, ఇవే గుర్తొస్తున్నాయి. నువ్వు అడిగేది అది కాదు కదా. డాబా లేని వాళ్ళు, అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు వాళ్ళు, అద్దెకున్న వాళ్ళు కూడా అదే తీగలోంచి అదే కరెంటు వాడుకుంటూ, తమ వాడకానికి సరిపడా సోలార్, గాలి కరెంటుని డిస్కం, అంటే మనకి కరెంటిచ్చే పంపిణీ సంస్థ, కొనేలా బిల్లులో కొంచెం ఎక్కువ కడతారా అన్నది నీ ప్రశ్న. ఈ తేడా చెప్పకుండా అడిగితే సగం మంది ప్యానెళ్ళ గురించి జవాబిస్తారు, నీకు తెలియను కూడా తెలియదు.

ఇంకోటి, దీనివల్ల ఇంట్లో ఏమీ మారదని కూడా ముందే చెప్పాలి. కోతలు తగ్గవు, వోల్టేజీ పెరగదు, ఫ్యాన్ అదే స్పీడులో తిరుగుతుంది. ఇది చెబితే జనం వెనక్కి తగ్గుతారని నీకు భయంగా ఉంటుంది, తగ్గనీ. చెప్పకపోతే వాళ్ళు ఇస్తామన్న డబ్బు కోతలు లేని కరెంటుకి, పొగలేని కరెంటుకి కాదు.

ఇక అసలు చిక్కు ఇప్పుడు చెబుతా. "సోలార్ చాలా చవక అంటున్నారు కదా, మరి మేమెందుకు ఎక్కువ కట్టాలి?" అని పేపర్ చదివే ప్రతి ఇంటాయనా అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో సోలార్ యూనిట్ 1.99 రూపాయలకే పలికింది, దానికి నీ దగ్గర జవాబు ఉండాలి. ఆ ధర ఎండ ఉన్నప్పటి కరెంటుది. మనం ఇంటికొచ్చి లైట్లు, టీవీ, ఏసీ వేసేది పొద్దుగూకాక. పగటి కరెంటుని సాయంత్రానికి దాచాలంటే బ్యాటరీలు కావాలి, లేదంటే కర్నూలు వైపు పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి కావాలి, కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్ళు పైకి తోడి, అవసరం పడ్డప్పుడు కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీయడం. ఖర్చంతా ఆ దాచడంలోనూ లైన్లలోనూ ఉందని నాలుగు ముక్కల్లో, అందరికీ ఒకేలా చెప్పు. నీ తరఫున తిరిగే పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్ళు వివరిస్తే మాత్రం ఒక్కొక్కరి ఫారంలో ఒక్కో రకం జవాబులొస్తాయి.

డబ్బు సంగతికి వద్దాం. శాతాల్లో అడక్కు. పది శాతం అంటే ఎంతో ఎవరూ లెక్కేసుకోరు, చిన్నదిగా వినబడుతుంది, సరేనంటారు. ఆ నెల బిల్లు తెమ్మని అడుగు, కాగితమో ఫోన్లోదో, వాడకం ఎన్ని యూనిట్లో నువ్వే చూసి రాసుకో. విజయవాడలో 200 యూనిట్లు వాడే ఇల్లు తీసుకో. 2022లో మార్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, తర్వాతి 45 మూడు రూపాయల చొప్పున, ఆ పైన 50 నాలుగున్నర, మిగతా 75 ఆరు రూపాయల లెక్కన మొత్తం 867 అవుతుంది, ఫిక్స్‌డ్ ఛార్జీలూ సుంకమూ సర్దుబాట్లూ వేరే. 2021లో మహారాష్ట్రలో కరెంటు రేట్లు నిర్ణయించే కమిషన్ కోరుకున్న వాళ్ళకి పూర్తి గ్రీన్ కరెంటు అని యూనిట్‌కి 66 పైసలు అదనంగా పెట్టింది. 66 పైసలేగా అనిపిస్తుంది, కానీ అదే ఇంటికి వేస్తే 132 రూపాయలు, 867 కాస్తా 999. కాబట్టి "మీకిప్పుడు ఇంత వస్తోంది, అప్పుడు ఇంత వస్తుంది" అని రెండు మొత్తాలూ పక్కపక్కన చూపించి అడుగు. ముఖం చూస్తేనే జవాబు తెలిసిపోతుందిలే, అయినా నోటితో చెప్పించుకో.

ఖాళీ గీత తీసేయమన్నది ఇందుకే. ఎంత ఇస్తారు అంటే మనవాళ్ళకి రైతుబజార్ గుర్తొస్తుంది, తక్కువలో మొదలుపెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో అంకె చీటీలు కలిపి తీసినట్టు ముందే నిర్ణయించుకుని, 20, 50, 100, 150 ఇలా, ఆ ఒక్క అంకెకే ఔనా కాదా అని అడుగు. అమెరికాలో ఎక్సాన్ వాల్డీజ్ నౌక చమురు ఒలికిపోయాక, ఆ నష్టం విలువ కట్టడానికి ఇలాంటి సర్వేలు నమ్మొచ్చా అని పెద్ద గొడవైతే, యారో, సోలో అనే ఇద్దరు నోబెల్ ఆర్థికవేత్తల ఆధ్వర్యంలోని కమిటీ 1993లో ఇదే చెప్పింది, ఓటు అడిగినట్టు ఔను కాదుల్లో అడగమని, ఎదురుగా కూర్చుని అడగమని. ఔనంటే పై అంకె, కాదంటే కింది అంకె ఇంకొక్కసారి అడగొచ్చు, అంతకు మించి సాగదీయకు. ఏ అంకెలు పెట్టాలో నీ గదిలో కూర్చుని తేల్చకు, ముందు మచ్చుకి కొన్ని ఇళ్ళు తిరిగి చూడు.

మనవాళ్ళతో ఉన్న గొడవేంటంటే మొహమాటం. ఇంటికొచ్చిన పిల్లాడికి కాదని చెప్పలేక ఔనంటారు. అందుకే అంకె చెప్పే ముందు ఈ మాటలు చదివి వినిపించు, "ఇలాంటివి అడిగినప్పుడు చాలామంది ఔనంటారు, తీరా బిల్లొచ్చాక కట్టరు, మీరు మాత్రం గ్యాసూ ఫీజులూ ఈఎంఐలూ అన్నీ గుర్తు చేసుకుని చెప్పండి, కాదన్నా నాకేం నష్టం లేదు" అని. ఆఖరి ముక్క మర్చిపోకు. ఔనన్నాక, నిజంగా అలా బిల్లొస్తే కడతారని ఎంత గట్టిగా చెప్పగలరో కూడా అడిగి రాసుకో.

సున్నాల దగ్గర చాలామంది తొందరపడతారు, నువ్వు పడకు. కాదన్నవాళ్ళు ఎందుకు కాదన్నారో వాళ్ళ మాటల్లోనే రాయి. ఆంధ్రాలో ట్రూఅప్ అనే మాట ఎత్తి చూడు, ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు డబ్బులు కట్టించుకుంటున్నారన్న కోపం ఎంతుందో తెలుస్తుంది. "ముందు అది తీసేయమను, తర్వాత మాట్లాడదాం" అన్నాయన సోలార్‌కి వ్యతిరేకి కాదు, ఆ డబ్బు అక్కడికి చేరుతుందని నమ్మడం లేదు, అంతే. చేతిలో డబ్బు లేక కాదన్నావిడ వేరు. ఈ ఇద్దర్నీ ఒకే సున్నాలో పడేసి సగటు తీస్తే ఆ సగటుకి అర్థం లేదు. వేరుగా పెట్టు, కలిపితే ఎంత, తీసేస్తే ఎంత, రెండూ చూపించు.

వరంగల్‌లో ఇంకో తేడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు ఇళ్ళకి 2024 మార్చి నుంచి జీరో బిల్లు. సున్నా మీద యాభై వేయడం, 867 మీద యాభై వేయడం ఒకటి కాదు. వాళ్ళని అడగొద్దని కాదు, విడిగా లెక్కెయ్. అద్దె ఇళ్ళు కూడా చూసుకో, యూనిట్‌కి ఇంత అని ఓనరే వసూలు చేస్తే వాళ్ళు అసలు బిల్లే చూసి ఉండరు. ఇంకా కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇక్కడ ఉంటే, బిల్లు బెంగళూర్లోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు ఫోన్లో కట్టేస్తాడు. తలుపు తీసినవాళ్ళని కాదు, బిల్లు కట్టేవాళ్ళని అడుగు, లేదంటే కట్టేది వేరేవాళ్ళని ఫారంలో రాసుకో.

రెండు ఊళ్ళూ ఒకే నెలలో చెయ్. ఏప్రిల్, మే నెలల్లో అసలొద్దు, ఏసీలు వేసి పై స్లాబులోకి వెళ్ళిపోయి అందరూ మండిపడుతుంటారు.

చివరగా, పెట్టుకున్న పిల్లలకి ఫారానికింత అని ఇవ్వకు, రోజుకింత అని ఇవ్వు. ఫారానికింత అంటే చెట్టు కింద కూర్చుని నింపేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ ఫారాలు మహా శుభ్రంగా ఉంటాయి, ఒక్క కొట్టివేతా ఉండదు, అలాంటివి వస్తే అనుమానించు. పది ఇళ్ళలో ఒక ఇంటికి నువ్వే ఫోన్ చేసి పోయిన నెల బిల్లెంతొచ్చిందో మళ్ళీ అడుగు.

మూడో పేజీ మార్చి పంపు, చూస్తాను. ప్రింటు మాత్రం ఇప్పుడే వేయించకు.

– అత్తయ్య